మూత్రాశయ శోథ – ఫోలిక్ ఆమ్లము: ఒక మందు వెనుక చరిత్ర

గోదావరి డెల్టా పల్లెలలో ఎవరికైనను మూత్రము పోయునపుడు మంట కలిగినచో ఇంటిలోని పెద్దలు వెంటనే చెప్పు మాట ఒకటి కలదు: "వేడి చేసినది." ఆ వెనుకనే కొబ్బరి బొండము నీరో, బార్లీ జావయో, సబ్జా గింజలు నానవేసిన నీరో, పలుచని మజ్జిగయో ఇత్తురు. చాలమందికి రెండు మూడు దినములలో మంట తగ్గును. ఆ సంగతి మరచిపోవుదురు. కాని కొందరికి ఆ బాధ తగ్గినట్లే తగ్గి, నెల తిరుగకముందే మరల వచ్చును. ఏండ్ల తరబడి వదలదు. రాత్రి నిద్ర చెడును. పగలు పని సాగదు. సిగ్గుచేత ఎవరితోను చెప్పుకొనలేక ఈ బాధను దిగమ్రింగుకొను స్త్రీలు ఎందరో కలరు. దీనిని వైద్యులు దీర్ఘకాలిక మూత్రాశయ శోథ అందురు.

ఈ వ్యాధి ఎందువలన కలుగును? దీనికి తగిన మందు ఎట్లు దొరకినది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టము భీమవరములో జన్మించిన ఒక తెలుగు శాస్త్రజ్ఞునితో ముడిపడి యున్నది. ఆయన వెదకినది మూత్రాశయ వ్యాధికి మందు కాదు, రక్తహీనతకు మందు. అయినను ఆయన బృందము విప్పిన ఒక రసాయనిక రహస్యము వలన, మందు సూక్ష్మజీవిని చంపుచు మనిషిని ఎట్లు విడిచిపెట్టునో స్పష్టముగా బోధపడెను.

మూత్రాశయము – దాని రక్షణ

మూత్రపిండములలో తయారైన మూత్రము రెండు మూత్రనాళముల ద్వారా దిగి మూత్రాశయమున చేరును. ఇది కండరముతో చేయబడిన సంచి. పెద్దవారిలో ఇది సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల మూత్రమును పట్టగలదు. దీని నుండి మూత్రము ప్రసేకము అను గొట్టము ద్వారా వెలుపలికి పోవును. పురుషులలో ప్రసేకము పొడవు సుమారు 20 సెంటీమీటర్లు; స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. ఈ చిన్న భేదమే స్త్రీలలో ఈ వ్యాధి అధికముగా కనబడుటకు ముఖ్యకారణము. వెలుపల నున్న సూక్ష్మజీవులు లోనికి ఎగబ్రాకుటకు వారిలో దారి దగ్గర.

మూత్రాశయమునకు గొప్ప రక్షణ దానిలోని ప్రవాహమే. లోన చేరిన సూక్ష్మజీవులను మూత్రము ఎప్పటికప్పుడు కడిగివేయుచుండును. కొబ్బరినీరు, మజ్జిగ త్రాగినవారికి మంట తగ్గుటలో ఉన్న సత్యము ఇదియే. తగ్గినది శరీరములోని "వేడి" కాదు. కాలువలో నీరు పెరిగి చెత్త కొట్టుకొని పోయినది. ప్రవాహము మందగించినచో రక్షణ సన్నగిల్లును. రాళ్లు, పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుట, మధుమేహము, చాలకాలము గొట్టము అమర్చి యుంచుట మొదలైనవి ఇందుకు తోడ్పడును. నీరు తక్కువ త్రాగుట, మూత్రమును గంటల తరబడి ఆపుకొనుట కూడ అట్టివే.

పూర్వుల పరిజ్ఞానము

మూత్రము కష్టముగా, మంటతో వెడలుటను మన పూర్వులు మూత్రకృచ్ఛ్రమనిరి. సుశ్రుతుడు మూత్రాశయములోని అశ్మరిని, అనగా రాతిని, శస్త్రముతో తీయు విధానమును వర్ణించెను. పల్లేరు కాయలు, కొండపిండి ఆకు వంటివి ఇట్టి బాధలకు నాటువైద్యములో చిరకాలముగా వాడుకలో ఉన్నవి. లక్షణములను వారు చక్కగా గుర్తించిరి. కాని సూక్ష్మజీవి కంటికి కనబడదు గనుక కారణము తెలియలేదు.

ఆ కొరత పందొమ్మిదవ శతాబ్దము చివర తీరనారంభించెను. 1877లో జర్మనీ దేశపు వైద్యుడు మాక్స్ నిట్జె దీపముతో కూడిన గొట్టమును నిర్మించి, మూత్రాశయపు లోపలి గోడను కంటితో చూచుటకు దారి తీసెను. 1885లో థియోడార్ ఎషెరిక్ శిశువుల మలములో ఒక బాక్టీరియమును కనుగొనెను. తరువాత దానికి ఆయన పేరుమీదనే ఎషెరీషియా కోలై అని పేరిడిరి. ప్రేగులలో మనకు సాధారణముగా కీడు చేయక బ్రతుకు ఈ జాతి జీవియే దారి తప్పి మూత్రాశయమును చేరినపుడు శోథను కలిగించును. ఈ వ్యాధి కలవారిలో ఎక్కువమందికి కారణము ఇదియే.

అదే శతాబ్దపు చివరి దశాబ్దములో మెథెనమిన్ అను రసాయనము వాడుకలోనికి వచ్చినది. ఇది ఆమ్లగుణము గల మూత్రములో విడిపోయి ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేయును. కళేబరములను చెడకుండ నిలుపు ద్రవములో ఉండు పదార్థమే అది. వ్యాధి తిరుగబెట్టకుండుటకు మెథెనమిన్‌ను వైద్యులు నేటికిని వాడుచున్నారు. కాని ముదిరిన శోథను మాన్పుటకు అది చాలదు.

సల్ఫా మందులు – విడని చిక్కు

1935లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రాంటోసిల్ అను ఎర్రని రంగు పదార్థము సూక్ష్మజీవుల వలన జబ్బుపడిన ఎలుకలను కాపాడుచున్నదని ప్రకటించెను. ఇందులో ఒక వింత యున్నది. పరీక్షనాళికలో ప్రాంటోసిల్ సూక్ష్మజీవులను ఏమియు చేయదు. శరీరములోనికి పోయిన తరువాతనే పనిచేయును. అదే సంవత్సరము పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేయువారు దీని కారణమును కనుగొనిరి. శరీరములో ప్రాంటోసిల్ విడిపోయి సల్ఫనిలమైడ్ అను రంగులేని పదార్థమగును. అసలు మందు అదియే. 1908లోనే తయారై, రంగుల పరిశ్రమకు తెలిసిన పదార్థమది.

ఆ వెనుక సల్ఫా మందులు పలురకములు వచ్చినవి. ఇవి మూత్రముతో కలిసి వెలుపలికి పోవును గనుక మూత్రాశయ వ్యాధులలో వెంటనే వాడుకకు వచ్చినవి. అయితే తొలినాటి సల్ఫా మందులలో కొన్ని మూత్రములో సరిగా కరుగక స్ఫటికములుగా ఏర్పడి బాధించెడివి. అందుచేత మాత్రతో పాటు విస్తారముగా నీరు త్రాగుమని వైద్యులు హెచ్చరించెడివారు.

ఈ మందు సూక్ష్మజీవిని ఎట్లు చంపుచున్నది? 1940లో ఇంగ్లండులో డొనాల్డ్ వుడ్స్ ఒక సూచన సంపాదించెను. ఈస్టు రసము కలిపినచో సల్ఫా మందు పనిచేయకుండ పోవుచున్నది. ఆ రసములో మందుకు అడ్డుపడు పదార్థము పారా-అమినో బెంజోయిక్ ఆమ్లమని ఆయన గుర్తించెను. దాని అణువును సల్ఫనిలమైడ్ అణువును ప్రక్కప్రక్కన గీచి చూచినచో రెండును అన్నదమ్ములవలె కనబడును. సూక్ష్మజీవి ఈ ఆమ్లముతో దేనినో నిర్మించుకొనుచున్నది; మందు ఆ ఆమ్లపు వేషము వేసికొని మోసగించుచున్నది. ఇంతవరకు తెలిసినది. కాని నిర్మించుకొనుచున్న ఆ వస్తువేమి? ఈ ప్రశ్నకు సమాధానము మరియొక దారిలో వచ్చినది.

భీమవరము నుండి పెర్ల్ రివర్ వరకు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. రాజమహేంద్రవరములో చదివి, మద్రాసులో మెట్రిక్యులేషను పూర్తిచేసి, అచ్చటి వైద్య కళాశాలలో వైద్యము నేర్చిరి. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అను వ్యాధి బలిగొన్నది. ఇది ఉష్ణదేశములలో కనబడునది. విరేచనములు ఆగవు, తిన్నది ఒంట బట్టదు, రోగి రక్తహీనతతో క్షీణించును. ఆ వ్యాధి సుబ్బారావుగారికిని సోకినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన ఆయన కోలుకొనిరి. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించిరి.

పరిశోధన చేయవలెనన్న కాంక్షతో ఆయన 1920 దశకపు తొలి సంవత్సరములలో అమెరికాకు పయనమైరి. అందుకు అనపర్తి గ్రామమునకు చెందిన మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు తోడ్పడిరి. బోస్టనులోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తములోను మూత్రములోను ఉన్న భాస్వరమును నీలిరంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అను పేరుతో అది ప్రపంచమంతటను వ్యాపించెను. ఆ విభాగములోనే ఆ కాలమున జార్జి హిచింగ్స్ అను యువకుడు పరిశోధన చేసి 1933లో పట్టము పొందెను. పాఠకులు ఈ పేరును గుర్తుంచుకొనవలెను.

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనశాలలో చేరిరి. అచ్చట ఆయన ముందున్న సమస్యలలో ఒకటి, కాలేయములో ఉండి రక్తహీనతను పోగొట్టు పదార్థమేదన్నది. ఈ సమస్యకు మన దేశముతో పాతసంబంధము కలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణీస్త్రీలలో ఒక విధమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారము ఇచ్చినచో అది నయమగునని 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనువారు నాలుగు టన్నుల పాలకూర నుండి అట్టి గుణము గల ఆమ్లమును కొలదిగా వేరుచేసి, దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లాటిను భాషలో "ఫోలియం" అనగా ఆకు.

టన్నులకొలది ఆకును నలిపినను చిటికెడు దొరకని పదార్థము రోగులకు మందు కానేరదు. దాని నిర్మాణము తెలిసికొని, పరిశోధనశాలలో తయారు చేయవలెను. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందము ఈ కార్యమును 1945లో సాధించి, మరుసటి సంవత్సరము నిర్మాణమును వివరముగా ప్రకటించెను. టామ్ స్పీస్ మొదలైన వైద్యులు ఈ కృత్రిమ ఫోలిక్ ఆమ్లమును స్ప్రూ రోగులకిచ్చి రక్తము వృద్ధియగుటను చూచిరి. సోదరులను పోగొట్టుకొనిన వ్యాధికి సుబ్బారావుగారు ఇరువది యేండ్లకు పైబడిన శ్రమతో ఒక ఆయుధమును సమకూర్చిరి.

చిక్కు విడినది

ఫోలిక్ ఆమ్లపు అణువులో మూడు భాగములు గొలుసుగా కూర్చబడి యున్నవి. ఒకటి టెరిడీన్, మరియొకటి గ్లుటామిక్ ఆమ్లము, ఆ రెండింటిని కలుపు నడిమి భాగము పారా-అమినో బెంజోయిక్ ఆమ్లము. అనగా వుడ్స్ గుర్తించిన పదార్థమే. సూక్ష్మజీవి నిర్మించుకొనుచున్న వస్తువేదో ఇప్పుడు తేలినది.

ప్రతి జీవకణము రెండుగా విభజన చెందుటకు ముందు తన కేంద్రకామ్లమును రెట్టింపు చేసికొనవలెను. అందుకు ఫోలిక్ ఆమ్లము అవసరము. మనుష్యుడు దీనిని తయారు చేసికొనలేడు. తోటకూర, గోంగూర, పప్పులు మొదలైన ఆహారము నుండి పొందును. ఎషెరీషియా కోలై వంటి సూక్ష్మజీవులు దీనిని బయటి నుండి తీసికొనలేవు, తామే వండుకొనవలెను. సల్ఫా మందు ఆ వంట ఇంటిలో జొరబడి, పారా-అమినో బెంజోయిక్ ఆమ్లము కూర్చుండవలసిన పీటపై తాను కూర్చుండును. వంట ఆగును, సూక్ష్మజీవి పెరుగదు. మనకు వంట ఇల్లే లేదు గనుక మనకు హాని లేదు. సల్ఫా మందు రోగిని విడిచి సూక్ష్మజీవిని మాత్రమే బాధించుటలో ఉన్న కీలకమిదియే.

రెండవ అడ్డుకట్ట

ఫోలిక్ ఆమ్లము పనిచేయుటకు ముందు ఒక ఎంజైము దానిని మార్పు చెందించవలెను. ఈ ఎంజైము మనుష్యునిలోను కలదు, సూక్ష్మజీవిలోను కలదు. సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినోప్టెరిన్ అను పదార్థమును తయారుచేసినది. సిడ్నీ ఫార్బర్ దీనిని రక్తక్యాన్సరు గల శిశువులకిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా శాంతించెనని 1948లో ప్రకటించెను. దానికి సోదరి యైన మెథోట్రెక్సేట్ మూత్రాశయ క్యాన్సరు చికిత్సలోను ఒక భాగమైనది. అయితే ఈ పదార్థములు మనుష్యుని ఎంజైమును కూడ గట్టిగా అడ్డగించును. సామాన్యమైన మూత్రాశయ శోథకు ఇంత తీవ్రమైన మందు పనికిరాదు.

సూక్ష్మజీవి ఎంజైమును మాత్రమే పట్టు పదార్థము కావలెను. దానిని సాధించినది హార్వర్డులో సుబ్బారావుగారున్న విభాగమున పరిశోధన చేసిన జార్జి హిచింగ్స్ బృందమే. వారు తయారుచేసిన ట్రైమెథోప్రిమ్ మనుష్యుని ఎంజైము కంటె బాక్టీరియాల ఎంజైమును వేలరెట్లు గట్టిగా పట్టుకొనును. ఒకే మార్గములో సల్ఫా మందు మొదటి మెట్టును, ట్రైమెథోప్రిమ్ తరువాతి మెట్టును అడ్డగించును గనుక రెండింటిని కలిపి 1968లో బ్రిటనులో విడుదల చేసిరి. సెప్ట్రాన్, బాక్ట్రిమ్ అను పేర్లతో ఇది మన పల్లెల మందుల దుకాణములకు కూడ చేరినది. ట్రైమెథోప్రిమ్ మూత్రములో అధిక పరిమాణమున చేరుట మూత్రాశయ శోథకు మరింత అనుకూలమైనది. హిచింగ్స్, ఆయన సహచరి గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో జేమ్స్ బ్లాక్‌తో పాటు నోబెల్ బహుమానమును పొందిరి. సుబ్బారావుగారు అంతకు నలువది యేండ్లకు పూర్వమే, 1948 ఆగస్టులో న్యూయార్కులో మరణించిరి.

మందులు వచ్చినను వ్యాధి పోలేదు

ఇంత తెలిసిన తరువాత దీర్ఘకాలిక మూత్రాశయ శోథ ఎందుకు మిగిలినది? ఇందుకు మూడు కారణములు చెప్పవచ్చును.

మొదటిది, సూక్ష్మజీవి దాగుకొనుట. ఎషెరీషియా కోలై తన ఒంటిమీది సన్నని పోగులతో మూత్రాశయపు గోడను పట్టుకొనును. కొన్ని గోడలోని కణములలోనికి ప్రవేశించి గుంపుగా పెరుగునని 2003లో ఎలుకలపై చేసిన పరిశోధనలు తెలిపినవి. ప్రవాహము వాటిని కడుగలేదు. మందు ఆపిన కొన్ని వారములకు అవి మరల బయలుదేరవచ్చును.

రెండవది, సూక్ష్మజీవి నేర్చుకొనుట. మందు పట్టజాలని క్రొత్తరకపు ఎంజైమును నిర్మించు జన్యువులను కొన్ని బాక్టీరియాలు సంపాదించి, ఇతర బాక్టీరియాలకు పంచిపెట్టినవి. అందుచేత పూర్వము దివ్యముగా పనిచేసిన సల్ఫా–ట్రైమెథోప్రిమ్ జంట నేడు మన దేశములో చాలమంది రోగులలో విఫలమగుచున్నది. 1953లో వచ్చిన నైట్రోఫ్యురాంటోయిన్, 1969లో ప్రకటింపబడిన ఫాస్ఫోమైసిన్ ఇప్పుడు ఎక్కువగా వాడబడుచున్నవి. దుకాణములో అడిగి నాలుగు మాత్రలు కొని, మంట తగ్గగానే రెండింటిని పారవేయుట ఈ మందులకును అదే గతి పట్టించును.

మూడవది, శోథ అన్నియును సూక్ష్మజీవుల వలన కలుగునని తలచుట. మూత్రములో ఎట్టి వ్యాధికారక జీవియు దొరకకయే ఏండ్ల తరబడి నొప్పి, మాటిమాటికి మూత్రము వచ్చుట కొందరిలో కలదు. 1887లో అలెగ్జాండర్ స్కీన్ దీనిని గురించి వ్రాసెను. 1915లో గై హన్నర్ ఇట్టి స్త్రీల మూత్రాశయములో కనబడు పుండ్లను వర్ణించెను. దీని మూలకారణము నేటికిని పూర్తిగా తేలలేదు. ఇట్టివారికి సూక్ష్మజీవులను చంపు మందు ఎంత ఇచ్చినను ప్రయోజనము లేదు. ఆహారములో మార్పులు, మూత్రము పోయు వేళలను క్రమముగా పెంచు అభ్యాసము, నొప్పిని తగ్గించు మందులు, మూత్రాశయములోనికి నేరుగా ఎక్కించు ద్రవములు, హన్నర్ చెప్పిన పుండ్లను కాల్చివేయుట మొదలైనవి వీరికి చికిత్సలు. మూత్రాశయపు క్షయ కూడ మామూలు పరీక్షకు దొరకదు. దానికి వేరు పరీక్ష, వేరు మందులు కలవు. మూత్రములో రక్తము కనబడినచో క్యాన్సరు కాదని నిర్ధారించుకొనుట అత్యవసరము.

కనుక పరీక్ష మొదట, మందు తరువాత. 1956లో బోస్టనులో ఎడ్వర్డ్ కాస్ శుభ్రముగా పట్టిన మూత్రములో మిల్లీలీటరునకు లక్ష బాక్టీరియాలున్నచో అది నిజమైన వ్యాధిగా ఎంచవలెనని కొలత చెప్పెను. బాధ తీవ్రముగా ఉన్నపుడు అంతకు తక్కువ సంఖ్యయు వ్యాధియే కావచ్చునని తరువాత తెలిసినది. ఆరోగ్యవంతుల మూత్రాశయములో కూడ కొద్దిపాటి సూక్ష్మజీవులుండునని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. అయినను మూత్రమును సాగుచేసి, ఏ జీవి ఉన్నదో, ఏ మందుకు లొంగునో చూచుట తిరుగబెట్టు వ్యాధికి సరియైన మార్గముగా నిలిచినది.

పాఠశాలలో చేయదగిన పని

వరినాట్లలో ఉదయము నుండి సాయంకాలము వరకు వంగి పనిచేయు స్త్రీకి చాటు దొరకదు. మూత్రమును ఆపుకొనును, ఆపుకొనవలసి వచ్చునని నీరు త్రాగుట మానును. మరుగుదొడ్డి సరిగా లేని పాఠశాలలో బాలిక చేయునదియు ఇదియే. ఇట్టి అలవాటు మూత్రాశయమునకు ప్రకృతి ఇచ్చిన ప్రవాహరక్షణను తీసివేయును. శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగుటకు నీరు, అడిగినపుడు తరగతి నుండి వెలుపలికి పోవుటకు అనుమతి – ఈ మూడింటిని సమకూర్చు ఉపాధ్యాయుడు మందు లేకుండనే కొంత వ్యాధిని నివారించినవాడగును.

నేడు పాఠశాలలలో కౌమారదశలోని బాలబాలికలకు వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము కలదు. అది రక్తవృద్ధికి. ఆ ఆమ్లమును సూక్ష్మజీవికి అందకుండ చేయు మాత్ర మూత్రాశయ శోథకు. గర్భిణికి ఫోలిక్ ఆమ్లము ముఖ్యము గనుకనే, గర్భము ధరించిన తొలి నెలలలో ట్రైమెథోప్రిమ్‌ను వైద్యులు సాధారణముగా ఇయ్యరు. ఒకే పదార్థము ఒకచోట ఇయ్యదగినది, ఒకచోట అడ్డగింపదగినది. ఎచ్చట ఏది చేయవలెనో తెలియుటకు దాని నిర్మాణము తెలియవలసి వచ్చెను. ఆ నిర్మాణమును తెలిపినవారికి నాయకుడు గోదావరి గడ్డపై పుట్టినవాడని, నీలిమాత్రను చేతిలో పెట్టునపుడు ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పవచ్చును.